గోడకు ఉన్న ఆ చిన్న గొట్టం

పసిబిడ్డకు నీళ్ళు పోయాలంటే వేన్నీళ్ళు కావాలి. బాలింతకు వేన్నీళ్ళు కావాలి. చలికాలం వస్తే ముసలివాళ్ళకు వేన్నీళ్ళు లేకుండా గడవదు.

వెనకటికి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి ఉండేది. దాని మీద కాగు ఉండేది. కొందరి ఇళ్ళలో రాగి బాయిలరు ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్ళలోకి కరెంటు గీజరు వచ్చింది. మన ఇంట్లో లేకపోయినా మనం పనికి పోయే ఇంట్లో ఉంటుంది. పిల్లలు చదివే హాస్టల్లో ఉంటుంది. ఆసుపత్రిలో ఉంటుంది.

గీజరు ఉన్న గోడను ఒకసారి బయటి నుంచి చూడండి. కొన్ని ఇళ్ళకు వేలెడు లావు గొట్టం ఒకటి గోడలోంచి బయటికి వచ్చి ఉంటుంది. దాన్లోంచి అప్పుడప్పుడు చుక్క చుక్కగా నీళ్ళు పడతాయి. గోడ తడుస్తుంది. పాచి పడుతుంది.

"ఏమిటీ గొట్టం? ఊరికే నీళ్ళు కారిపోతున్నాయి. ఇంత గుడ్డ కుక్కితే సరి" అనుకుంటారు కొందరు.

అక్కడే ప్రమాదం ఉంది. ఆ గొట్టం ఇంటిని కాపాడే గొట్టం. దాన్ని మూస్తే ఇంటికి ముప్పు. మూయకుండా తప్పు చోట పెడితే మనిషికి ముప్పు. మరి అది ఎందుకు ఉంది? దాని మూతి ఎటు పెట్టాలి? తెలుసుకుందాం.

వంటింట్లో ఉన్న పాఠం

ఎసరు మరుగుతోంది. గిన్నె మీద మూత టకటక కొట్టుకుంటోంది. ఎందుకు కొట్టుకుంటోంది? లోపలి ఆవిరి బయటికి పోవాలని చూస్తోంది. దారి ఉంటే పోతుంది. దారి లేకపోతే మూతను ఎత్తేస్తుంది.

నీళ్ళు ఆవిరైతే ఎంత చోటు కావాలో తెలుసా? ఒక్క లీటరు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే సుమారు 1600 లీటర్ల చోటు కావాలి. అంటే 16 లీటర్లు పట్టే బిందెలు 100 కావాలి. ఒక చెంబు నీళ్ళు 100 బిందెల ఆవిరి అవుతుందన్న మాట. అంత ఆవిరిని మూత బిగించి పెడితే ఊరుకుంటుందా?

ప్రెషర్ కుక్కరు చూడండి. మూత గట్టిగా బిగుస్తుంది. ఆవిరి లోపలే ఉండిపోతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కరులో వేడి సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది. అందుకే కందిపప్పు తొందరగా ఉడుకుతుంది.

ఒత్తిడి హద్దు దాటగానే కుక్కరు మీది బరువు లేస్తుంది. ఈల వేస్తుంది. ఆవిరి పోతుంది. ఆ దారి మూసుకుపోతే? మూతకే ఇంకో బిళ్ళ ఉంటుంది. బాగా వేడెక్కితే అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. రెండు దారులూ లేకపోతే కుక్కరు పేలుతుంది. అందుకే కుక్కరు బరువు పెట్టే ముందు ఆ సన్నని బెజ్జంలోకి చూడాలి. మెతుకు అడ్డం పడిందేమో చూసుకోవాలి. ఈ సంగతి మీకు తెలిసిందే.

ఇలాంటి మూత బిగించే కుండను 1679లో డెనిస్ పాపిన్ అనే ఆయన తయారుచేశాడు. ఆయనది ఫ్రాన్సు దేశం. గట్టి ఎముకలను మెత్తగా ఉడికించడానికి ఆ కుండ చేశాడు. కుండ పగలకుండా దానికి ఒక చిన్న మూత, ఆ మూత మీద బరువు అమర్చాడు. ఒత్తిడి ఎక్కువైతే బరువు లేచి ఆవిరి పోతుంది. ఇవాళ్టి కుక్కరు బరువుకూ, గీజరు వాల్వుకూ మూలం అదే.

మన రాగి బాయిలరు కూడా ఈ పాఠమే చెబుతుంది. చాలా బాయిలర్లకు పైన నీళ్ళు పోసే గరాటు ఉంటుంది. వేన్నీళ్ళు వచ్చే మూతి ఇంకో పక్క ఉంటుంది. పైన ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే పక్కనుంచి ఒక చెంబు వేన్నీళ్ళు వస్తాయి. ఆ రెండు దారులూ తెరిచే ఉంటాయి. లోపల ఒత్తిడి నిలవదు. అందుకే వాటిని మూసెయ్యకూడదు.

గీజరు లోపల ఏముంది?

గీజరు అంటే మూసి ఉన్న తొట్టి. కింద నుంచి చన్నీళ్ళ గొట్టం వస్తుంది. వేన్నీళ్ళ గొట్టం కుళాయికి పోతుంది. తొట్టి లోపల కరెంటుతో వేడెక్కే తీగచుట్ట ఉంటుంది. దాన్ని కాయిల్ అంటారు.

వేడి ఎక్కువ కాకుండా చూసే పరికరం ఒకటి ఉంటుంది. దాని పేరు థర్మోస్టాట్. నీళ్ళు సరిపడా కాగితే అది కరెంటు ఆపేస్తుంది. చల్లారితే మళ్ళీ కరెంటు ఇస్తుంది. అది చెడిపోతే కరెంటు ఆపడానికి ఇంకో కట్టడి కూడా పెడతారు.

వీటితోపాటు ఒక వాల్వు ఉంటుంది. వాల్వు అంటే తలుపు లాంటిది. లోపల స్ప్రింగు ఉంటుంది. ఒత్తిడి హద్దులో ఉంటే తలుపు మూసే ఉంటుంది. హద్దు దాటితే తెరుచుకుంటుంది. ఎక్కువైన నీళ్ళను బయటికి వదులుతుంది. ఆ నీళ్ళు పోయే గొట్టమే గోడకు కనపడే చిన్న గొట్టం.

నీళ్ళు ఎందుకు ఎక్కువవుతాయి? తొట్టిలో కొత్త నీళ్ళు పొయ్యలేదు కదా?

నీళ్ళు కాగితే పెరుగుతాయి. గిన్నె నిండా పాలు పోసి పొయ్యి మీద పెడితే పొంగక ముందే అంచుకు వస్తాయి. అలాగే 25 లీటర్ల గీజరులో నీళ్ళు 25 డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాగితే అర లీటరుకు పైగా పెరుగుతాయి. ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి? కొన్ని ఇళ్ళలో అది చన్నీళ్ళ గొట్టంలోకి వెనక్కి పోతుంది. వాల్వు వెనక్కి పోనివ్వని రకమైతే ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు వాల్వు కొంచెం తెరుచుకుని చుక్కలు వదులుతుంది.

కాబట్టి గీజరు కాగుతున్నప్పుడు నాలుగు చుక్కలు పడితే అది చెడిపోయినట్టు కాదు. తన పని తాను చేస్తున్నట్టు.

మూడు సంగతులు గమనించండి.

నీళ్ళు కాగేటప్పుడు చుక్కలు పడి, తర్వాత ఆగిపోతే భయం లేదు.

గీజరు ఆపి ఉన్నా ధారగా కారుతుంటే వాల్వులో చెత్త చేరి ఉండొచ్చు. నీళ్ళ ఒత్తిడి ఎక్కువై ఉండొచ్చు. మేస్త్రికి చూపించాలి.

పొగలు కక్కుతూ మరిగే నీళ్ళో, ఆవిరో బుస్సున వస్తుంటే థర్మోస్టాట్ చెడినట్టే. వెంటనే గీజరు స్విచ్ ఆపాలి. పిల్లలను దూరం పంపాలి. గీజరును ముట్టుకోకూడదు. బాగుచేయించే దాకా మళ్ళీ వెయ్యకూడదు.

గొట్టం మూస్తే ఏమవుతుంది?

నీళ్ళ చుక్కలు చూసి విసుగొస్తుంది. గోడ పాడవుతోందని బాధ. కొందరు గుడ్డ కుక్కుతారు. కొందరు పుల్ల దూరుస్తారు. కొందరు లప్పం పెట్టి మూస్తారు. ఇంకొందరు గొట్టానికి కుళాయి బిగించి కట్టేస్తారు.

థర్మోస్టాట్ బాగున్నంత కాలం ఏమీ కాకపోవచ్చు. "చూశారా, ఏమీ కాలేదు" అంటారు. ఒకరోజు థర్మోస్టాట్ చెడుతుంది. కరెంటు ఆగదు. నీళ్ళు కాగుతూనే ఉంటాయి. తొట్టి మూసి ఉంది కనక 100 డిగ్రీలు దాటినా నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. ఒత్తిడి పెరుగుతుంది. వాల్వు తెరుచుకున్నా నీళ్ళు పోయే దారి లేదు. చివరికి తొట్టి పగులుతుంది.

పగిలిన క్షణంలో ఒత్తిడి పోతుంది. 100 డిగ్రీలు దాటిన నీళ్ళలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. చెంబు నీళ్ళు 100 బిందెల ఆవిరవుతుందని అనుకున్నాం కదా! ఆ ఊపుకు గోడలు కూలతాయి. మనుషులు చనిపోతారు.

అందుకే మొదటి మాట ఇది. ఆ గొట్టాన్ని ఎప్పుడూ మూయకూడదు. దానికి కుళాయి పెట్టకూడదు.

గొట్టం మూతి ఎటు ఉండాలి?

మూయకూడదు, సరే. తెరిచి ఉంచితే సరిపోతుందా? సరిపోదు. అది ఎవరి వైపు తెరుచుకుని ఉందో కూడా చూడాలి.

ఒక ఇంట్లో గీజరు బిగిస్తున్నారనుకోండి. మేస్త్రి గోడకు బెజ్జం వేశాడు. గొట్టాన్ని తిన్నగా బయటికి తీశాడు. దాని మూతి సందులోకి చూస్తోంది. సరిగ్గా పదేళ్ళ పిల్ల ముఖమంత ఎత్తులో ఉంది. ఆ ఇంటావిడ చూసింది.

"అన్నా, ఈ గొట్టం సందులోకి చూస్తోందే. పిల్లలు ఇటే తిరుగుతారు."

"ఏం కాదమ్మా. నాలుగు చుక్కలు పడతాయి, అంతే."

"గీజరు బాగుంటే నాలుగు చుక్కలే. చెడిపోతే ఏం పడుతుంది?"

మేస్త్రి చేతిలో పని ఆపాడు. "సలసల కాగే నీళ్ళు పడతాయి" అన్నాడు.

"ఎవరి మీద పడతాయి?"

మేస్త్రి గోడ వంక చూశాడు. సందు వంక చూశాడు. "ఇంకో మూడడుగుల గొట్టం, రెండు వంపులు కావాలమ్మా. ఖర్చవుతుంది" అన్నాడు.

"కానియ్యి అన్నా. బిడ్డ ముఖం కంటే ఎక్కువా?"

ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. గీజరు చెడిపోతే ఏం పడుతుంది? ఎవరి మీద పడుతుంది? ఈ రెండూ అడిగితే గొట్టం ఎక్కడ ఉండాలో మనకే తెలుస్తుంది.

మామూలు రోజుల్లో ఆ చుక్కలు గోరువెచ్చగానే ఉండొచ్చు. అది చూసి జనానికి భయం పోతుంది. గొట్టం చోటును మామూలు రోజు చూసి నిర్ణయించకూడదు. గీజరు చెడిన రోజును తలచుకుని నిర్ణయించాలి.

గొట్టం పెట్టే పద్ధతి ఇదీ.

1. గొట్టం కిందికి దిగాలి. గోడ వెంబడే నేల దగ్గరికి రావాలి. మూతి నేలకు నాలుగంగుళాల ఎత్తులో ఉంటే మంచిది. ముఖం ఎత్తున, నడుం ఎత్తున ఉండకూడదు.

2. మూతి నేల వైపో, గోడ వైపో తిరిగి ఉండాలి. మనుషులు నడిచే వైపు చూడకూడదు.

3. నీళ్ళు కాలువలోకో, తూములోకో పోవాలి. బట్టలుతికే బండ మీద, అంట్లు తోమే చోట, పిల్లలు ఆడే చోట పడకూడదు. నులకమంచం వేసుకునే అరుగు పక్కన వద్దు. గొడ్లను కట్టేసే చోట వద్దు. పక్కింటివాళ్ళ వాకిట్లోకి వద్దు.

4. కరెంటు మీటరు మీద, స్విచ్ బోర్డు మీద, తీగల మీద నీళ్ళు పడకూడదు.

5. గొట్టం పొడుగునా వాలు ఉండాలి. మధ్యలో పల్లం ఉంటే నీళ్ళు నిలుస్తాయి. చెత్త పేరుకుంటుంది. దారి మూసుకుపోతుంది.

6. వాల్వు మూతి కంటే గొట్టం సన్నగా ఉండకూడదు. వంపులు తక్కువగా ఉండాలి.

7. వేడికి తట్టుకునే గొట్టం కావాలి. మామూలు తెల్ల పి.వి.సి. గొట్టం చన్నీళ్ళకే. మరిగే నీళ్ళు పడితే అది మెత్తబడి వంగిపోతుంది. రాగి గొట్టమో, ఇనుప గొట్టమో మంచిది.

8. మూతి కంటికి కనపడాలి. నీళ్ళు పడుతున్నదీ లేనిదీ మనకు తెలియాలి. మట్టిలో పాతేస్తే తెలియదు.

గొట్టం బయటికి తియ్యకుండా స్నానాల గదిలోనే వదిలే ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ కూడా పద్ధతి ఇదే. స్నానం చేసే మనిషి తల మీద పడేట్టు వదలకూడదు. గోడ వెంట తూము దాకా దించాలి.

మేడ మీద గీజరు ఉంటే మరీ జాగ్రత్త. పై అంతస్తు గొట్టం గాలిలోకి వదిలేస్తే ఆ నీళ్ళు కింద నడిచే వాళ్ళ మీద పడతాయి. గొట్టాన్ని కింది దాకా దించాలి. వేడికి తట్టుకునే మురుగు గొట్టం దగ్గరలో ఉంటే దానిలోకి కలపొచ్చు. అప్పుడు కూడా నీళ్ళు పడేది పైన ఒకచోట కంటికి కనపడేట్టు ఉండాలి.

చలిదేశంలో ఏం చేస్తారు?

బ్రిటన్ చలిదేశం. అక్కడ చాలా ఇళ్ళలో గ్యాసుతో నడిచే బాయిలరు ఉంటుంది. అది స్నానానికి నీళ్ళు కాస్తుంది. గదులనూ వెచ్చగా ఉంచుతుంది. వేన్నీళ్ళు గొట్టాల గుండా గది గదికీ తిరుగుతాయి. అక్కడికి చదువుకో, ఉద్యోగానికో పోయిన మన పిల్లలు ఇలాంటి ఇళ్ళలోనే ఉంటారు.

ఆ బాయిలరుకు కూడా వాల్వు ఉంటుంది. మామూలుగా ఒత్తిడి 3 బార్లు అయితే అది తెరుచుకుంటుంది. బార్ అనేది ఒత్తిడికి కొలత. 10 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే కింద కుళాయి దగ్గర ఒత్తిడి సుమారు 1 బార్ ఉంటుంది. 3 బార్లు అంటే 30 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉన్నంత ఒత్తిడి.

వాల్వు నుంచి సన్నని రాగి గొట్టం గోడ బయటికి వస్తుంది. బయటికి వచ్చాక కిందికి దిగుతుంది. చివర మళ్ళీ గోడ వైపు వంచుతారు. నీళ్ళు చిమ్మితే గోడకు తగిలి కిందికి జారాలి. దారిన పోయే వాళ్ళ మీద పడకూడదు. అదీ ఆ వంపు అర్థం.

పెద్ద వేన్నీళ్ళ తొట్లకు ఇంగ్లండులో ఇళ్ళు కట్టే నిబంధనల పుస్తకంలోనే ఈ గొట్టం సంగతి రాశారు. గొట్టం లోహంది అయితే మంచిదన్నారు. మూతి నేలకు 10 సెంటీమీటర్లలోపు ఎత్తులో ఉండొచ్చన్నారు. పిల్లలు ఆడే చోటైతే చుట్టూ తీగల బుట్ట లాంటి కాపు పెట్టాలన్నారు. ఆ కాపులోంచి గొట్టం మూతి కనపడాలన్నారు. దేశం వేరైనా మరిగే నీళ్ళు ఎక్కడైనా ఒకటే. ఆ తీగల బుట్ట మన పెరట్లోనూ పెట్టుకోవచ్చు.

పైకప్పు మీద సోలారు

కొన్ని ఇళ్ళకు, హాస్టళ్ళకు పైకప్పు మీద సోలారు వేన్నీళ్ళ తొట్టి ఉంటుంది. ఎండకు నీళ్ళు కాగుతాయి. చాలా సోలారు తొట్లకు పైన ఒక గొట్టం నిటారుగా లేచి ఉంటుంది. అది గాలి గొట్టం. ఆవిరి, గాలి దానిగుండా పోతాయి.

ఆ గొట్టం చన్నీళ్ళ ట్యాంకులో నీటి మట్టం కంటే ఎత్తుగా ఉండాలి. తక్కువ ఎత్తు ఉంటే దాన్లోంచి నీళ్ళు పొర్లిపోతాయి. నీళ్ళు పొర్లుతున్నాయని కొందరు ఆ గొట్టానికి బిరడా కొడతారు. అది తప్పు. గొట్టం ఎత్తు పెంచాలి, మూయకూడదు. బట్టలారేసే తీగను దానికి కట్టకూడదు. మే నెల మిట్టమధ్యాహ్నం దాన్లోంచి వేడి ఆవిరి రావొచ్చు. పిల్లలను దగ్గరికి పోనివ్వకూడదు.

గ్యాసు గీజరు: కనపడని విషం

గ్యాసుతో నడిచే గీజరు ఉంటే ఇంకో సంగతి తెలియాలి. గ్యాసు మండాలంటే గాలి కావాలి. గది తలుపులు, కిటికీలు మూసి ఉంటే గాలి చాలదు. గ్యాసు సరిగా మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. తల తిరుగుతుంది. కళ్ళు మసకబారతాయి. అరవడానికి కూడా ఓపిక ఉండదు. స్నానానికి పోయిన మనిషి అక్కడే ప్రాణం విడవొచ్చు.

అందుకే గ్యాసు గీజరు స్నానాల గదిలో పెట్టకూడదు. బయట గాలి ఆడే చోట పెట్టాలి. దాని పొగ గొట్టం ఇంటి బయటికి పోవాలి. ఆ మూతి కిటికీ కింద ఉండకూడదు. కిటికీ కింద ఉంటే పోయిన పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది.

బొగ్గులు వేసే రాగి బాయిలరుకూ ఇదే మాట. వానొస్తోందనో, చలిగా ఉందనో దాన్ని మూసిన గదిలో రాజెయ్యకూడదు. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూయడమూ అంతే ప్రమాదం.

పెట్టిన తర్వాత చూసుకోవాలి

గొట్టం ఒకసారి పెట్టేస్తే సరిపోదు. మన బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. వాల్వులోనూ అలాగే పేరుకుంటుంది. స్ప్రింగు బిగుసుకుపోతుంది. అవసరం వచ్చిన రోజు వాల్వు తెరుచుకోదు. ఏడాదికి ఒకసారి తెలిసిన మేస్త్రితో వాల్వు చూపించాలి.

బయటి మూతిని నెలకొకసారి మనమే చూడొచ్చు. కందిరీగలు అందులో మట్టి గూడు కడతాయి. సాలీడు గూడు పెడుతుంది. పిల్లలు ఆడుతూ రాళ్ళు దూరుస్తారు. ఇంటికి సున్నం వేసేటప్పుడు మూతి మూసుకుపోతుంది. ముందు గీజరు స్విచ్ ఆపాలి. నీళ్ళు చల్లారాక పక్కన నిలబడి చూడాలి. మూతికి ఎదురుగా ముఖం పెట్టకూడదు.

అంకెలు చదవండి

గీజరు మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద చాలా వరకు ఇంగ్లీషు మాటలే ఉంటాయి. భయపడకండి. అంకెలు మనకు వచ్చినవే.

25 అని ఉంటే అది లీటర్లు. తొట్టిలో పట్టే నీళ్ళు. 2000 అని ఉంటే అది వాట్లు. కరెంటు వాడకం. 6.5 అనో, 8 అనో ఉంటే అది బార్లు. ఆ తొట్టి పనిచేసే ఒత్తిడి హద్దు. వాల్వు మీద రాసి ఉన్న బార్లు తొట్టి మీద ఉన్న అంకెను దాటకూడదు. దాటితే ఏమవుతుంది? వాల్వు తెరుచుకునే లోపే తొట్టి పగలొచ్చు. ఈ లెక్క చూడడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. ఏ అంకె పెద్దదో తెలిస్తే చాలు.

వాల్వు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. నీళ్ళు ఎటు పోవాలో అది చూపిస్తుంది. బాణం గీజరు వైపు ఉందో లేదో చూడండి. తిరగేసి ఉంటే మేస్త్రిని అడగండి.

మేస్త్రి వచ్చి చూసిన తారీఖును మీ చేత్తోనే రాసి పెట్టుకోండి. క్యాలెండరు మీద రాసినా సరే, గోడ మీద రాసినా సరే. "మొన్ననే చూశాను కదమ్మా" అని ఎవరైనా అంటే రాసిన తారీఖు చూపించొచ్చు.

ఒళ్ళు కాలితే

నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అంత తొందరగా కాలుస్తాయి. 50 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని గట్టిగా కాల్చడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. 60 డిగ్రీల నీళ్ళకు సుమారు 5 సెకన్లు చాలు. 70 డిగ్రీలైతే సుమారు ఒక్క సెకను. పసిపిల్లల చర్మం పలచన. వాళ్ళకు ఇంకా తొందరగా కాలుతుంది. చెయ్యి వెనక్కి తీసుకునే లోపే జరిగిపోతుంది.

అందుకే బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు ముందు చన్నీళ్ళు, తర్వాత వేన్నీళ్ళు కలపాలి. మోచెయ్యి ముంచి చూడాలి.

ఎవరికైనా కాలితే ఇలా చెయ్యండి.

కాలిన చోట చల్లని మంచినీళ్ళు ధారగా పొయ్యాలి. 20 నిమిషాలు పొయ్యాలి. ఐసుగడ్డ పెట్టకూడదు.

గాజులు, ఉంగరాలు, మొలతాడు, తడిసిన బట్టలు వెంటనే తియ్యాలి. తర్వాత వాపు వస్తే అవి రావు. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగకూడదు.

సిరా, పళ్ళ పేస్టు, పేడ, నూనె, పసుపు పుయ్యకూడదు. బొబ్బలు చిదపకూడదు.

శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి. పసిబిడ్డయినా, ముఖం కాలినా, అరచెయ్యి కంటే ఎక్కువ మేర కాలినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చెయ్యాలి.

అడగడం మన హక్కు

గీజరు మగవాళ్ళ పని అంటారు. పైపులు మేస్త్రి పని అంటారు. కానీ స్నానాల గదిలో బిడ్డకు నీళ్ళు పోసేది ఎవరు? ఆ సందులో ముగ్గు వేసేది ఎవరు? బట్టలుతికేది ఎవరు? ఆ గొట్టం కింద ఎక్కువగా తిరిగేది ఆడవాళ్ళూ పిల్లలే. అందుకని అడిగే హక్కు కూడా వాళ్ళదే.

వేరే వాళ్ళ ఇంట్లో పనిచేసే వాళ్ళు కూడా అడగొచ్చు. "అమ్మగారూ, అంట్లు తోమే చోట ఈ గొట్టం ఉంది. వేన్నీళ్ళు మీద పడతాయి. పక్కకు తిప్పించండి" అని చెప్పొచ్చు. ఇది కోరరాని కోరిక కాదు. ఆ ఇంటి పిల్లలకూ అదే మేలు.

హాస్టలు కమిటీ సమావేశానికి పోయినప్పుడు అన్నం, కూరలు చూస్తాం. ఈసారి ఇంటి వెనక గోడను కూడా చూద్దాం. వందమంది పిల్లలకు నీళ్ళు కాచే చోట గొట్టం ఎటు చూస్తోందో కనుక్కుందాం.

ఆలోచించండి, చెప్పండి

1. కుక్కరు మీది బరువుకూ గీజరు వాల్వుకూ పోలిక ఏమిటి?

2. గీజరు గొట్టానికి కుళాయి ఎందుకు పెట్టకూడదు?

3. ఇంగ్లండులో గొట్టం చివరను గోడ వైపు ఎందుకు వంచుతారు?

4. గీజరు తొట్టి మీద 6.5 బార్లు అని ఉంది. వాల్వు మీద 8 బార్లు అని ఉంది. ఇది సరైనదేనా? ఎందుకు?

5. మీ ఇంట్లోనో, మీరు పనిచేసే చోటో, మీ ఊరి హాస్టల్లోనో గొట్టం మూతి ఎటు ఉంది? వెళ్ళి చూసి రండి. మీరు చూసింది ఐదు వాక్యాల్లో రాయండి. మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.